బంగ శార్దూలం ఫజ్లుల్ హక్

రాజకీయాలలో ప్రవేశించిన వ్యక్తికి మూడు విధాలైన బాధ్యతలు ఉంటాయి. తనకు స్థానమిచ్చిన పక్షానికి విధేయుడై ఉండటం మొదటిది. తనను ఎన్నుకొన్న ప్రజల మేలు కోరడం రెండవది. ఇతర పక్షాలతో కలిసి ప్రభుత్వం ఏర్పరచినప్పుడు ఆ మిత్రులకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం మూడవది. ఈ మూడూ ఒకే దారిలో సాగినంతకాలం చిక్కులేదు. అవి మూడు దారులుగా చీలిన నాడు ఏ దారి పట్టాలన్నది కఠినమైన పరీక్ష. ఇరవైయవ శతాబ్ది పూర్వార్ధంలో అవిభక్త వంగదేశాన్ని పాలించిన అబుల్ కాసెం ఫజ్లుల్ హక్‌కు ఇటువంటి పరీక్ష 1941లో ఎదురయింది. ముస్లిం లీగు లాహోరు తీర్మానాన్ని సభలో ప్రతిపాదించిన ఆయనే, రెండేళ్ళు తిరగకముందే ఆ లీగు అధినాయకత్వాన్ని ధిక్కరించి, హిందూ మహాసభ నాయకుని పక్కన కూర్చోబెట్టుకొని మంత్రివర్గాన్ని నడిపాడు. ఈ మార్పు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆయన జీవితాన్ని మొదటినుండి పరిశీలించాలి.

ఫజ్లుల్ హక్ 1873 అక్టోబరు 26వ తేదీన తూర్పు వంగదేశంలోని బాకర్‌గంజ్ జిల్లా సాతూరియా గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించాడు. వారి స్వగ్రామం అదే జిల్లాలోని చాఖార్. తండ్రి మహమ్మద్ వాజిద్ బరిసాల్ పట్టణంలో పేరున్న న్యాయవాది. నదులు, కాలువలు, వరిచేలు, పడవలు తప్ప మరొకటి కనిపించని ప్రాంతమది. అక్కడ పొలం దున్నేవారిలో అధికసంఖ్యాకులు ముస్లిములు, నిమ్నకులాల హిందువులు. భూమిపై హక్కు జమీందారులది. పంట చేతికి రాకముందే అప్పు పత్రాలతో ముంగిట నిలిచేవాడు వడ్డీ వ్యాపారి. రైతు కష్టం ఎటువంటిదో హక్ పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. బాల్యంలోనే కళ్ళారా చూశాడు.

ఇంటివద్ద అరబ్బీ, పారశీక భాషలు నేర్చిన తరువాత ఆయన బరిసాల్ జిల్లా పాఠశాలలో చదివి, ఉన్నతవిద్యకు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. రసాయన, భౌతిక, గణిత శాస్త్రాలు మూడింటిలోనూ ప్రత్యేక ప్రతిభ కనబరచి పట్టభద్రుడయ్యాడు. ఎం.ఏ.లో మొదట ఆంగ్ల సాహిత్యం చదువుతుండగా, ముస్లిం విద్యార్థులు గణితానికి భయపడతారని సహాధ్యాయి ఒకడు ఎత్తిపొడిచాడనీ, ఆ మాట పట్టుదల రేపగా ఆయన ఆరునెలల వ్యవధిలో గణితశాస్త్రం చదివి ఉత్తీర్ణుడయ్యాడనీ చెప్పుకొంటారు. పిమ్మట న్యాయశాస్త్ర పట్టం పొంది, సుప్రసిద్ధుడైన ఆశుతోష్ ముఖర్జీ వద్ద శిష్యరికం చేసి, 1900లో కలకత్తా హైకోర్టులో న్యాయవాదిగా నమోదయ్యాడు. ఆ ఆశుతోష్ కుమారుడే శ్యామాప్రసాద్ ముఖర్జీ. గురువు కుమారుడు నాలుగు దశాబ్దాల తరువాత తన మంత్రివర్గంలో ఆర్థికమంత్రి కాగలడని ఆనాడు ఆయన ఊహించి ఉండడు.

తండ్రి మరణించిన తరువాత హక్ బరిసాల్ చేరి కొంతకాలం న్యాయవాద వృత్తి సాగించాడు. 1906లో ప్రభుత్వోద్యోగంలో ప్రవేశించి డిప్యూటీ మేజిస్ట్రేటుగా, సహకార శాఖాధికారిగా పనిచేశాడు. సహకార శాఖలో ఉండగా పల్లెపల్లెకు తిరిగి రైతుల అప్పుల లెక్కలు స్వయంగా చూసే అవకాశం కలిగింది. అసలు ఎప్పుడో తీరిపోయినా వడ్డీ తీరని కుటుంబాలు ఎన్నో ఆయన కంటబడ్డాయి. పై అధికారులతో పొసగక ఉద్యోగం వదిలి, తిరిగి కలకత్తాలో న్యాయవాది అయ్యాడు. ఆ ఉద్యోగంలో గడిపిన కొద్ది సంవత్సరాలు ఆయన రాజకీయ జీవితానికంతటికీ పునాది వేశాయి.

1906 డిసెంబరులో ఢాకాలో ముస్లిం లీగు ఆవిర్భవించినప్పుడు హక్ అక్కడే ఉన్నాడు. 1913లో వంగ శాసనమండలికి ఎన్నికయ్యాడు. ఆ కాలంలో ఒకే వ్యక్తి కాంగ్రెసులోనూ, లీగులోనూ సభ్యుడుగా ఉండటం వింత కాదు. 1918లో ఢిల్లీలో జరిగిన లీగు మహాసభకు హక్ అధ్యక్షత వహించాడు. అదే కాలంలో కాంగ్రెసు ప్రధాన కార్యదర్శిగానూ ఉన్నాడు. జలియన్‌వాలాబాగ్ దురంతంపై విచారణకు కాంగ్రెసు నియమించిన సంఘంలో గాంధీజీ, చిత్తరంజన్ దాస్, అబ్బాస్ త్యాబ్జీలతోపాటు ఆయన కూడా సభ్యుడు. అయితే సహాయ నిరాకరణోద్యమంలో విద్యార్థులు పాఠశాలలు విడిచి రావాలన్న పిలుపుతో ఆయన ఏకీభవించలేదు. అప్పుడప్పుడే బడిమెట్లు ఎక్కుతున్న ముస్లిం బాలురు చదువు మానితే వారి సమాజం మరింత వెనుకబడిపోతుందని ఆయన భయం. ఈ భేదంతో కాంగ్రెసుకు దూరమయ్యాడు. 1924లో కొద్దినెలలపాటు విద్యాశాఖ మంత్రిగా ఉండి, కలకత్తాలో ఇస్లామియా కళాశాల స్థాపనకు మార్గం ఏర్పరచాడు. అదే తరువాతి కాలంలో మౌలానా ఆజాద్ కళాశాలగా పేరు మారింది. 1935లో ఆయన కలకత్తా నగర మేయరుగా ఎన్నికయ్యాడు. ఆ పదవిని అలంకరించిన తొలి ముస్లిం ఆయనే.

ఇన్ని పదవులు నిర్వహించినా హక్ మనసు రైతు సమస్యపైనే నిలిచింది. 1929లో ఏర్పడిన ప్రజాసమితి క్రమంగా ఆయన నాయకత్వంలోకి వచ్చి, 1936లో కృషక్ ప్రజా పార్టీగా రూపుదాల్చింది. జమీందారీలను నష్టపరిహారం లేకుండా రద్దు చేయడం, రైతుల అప్పులు తగ్గించడం, ప్రాథమిక విద్యను ఉచితం చేయడం ఆ పార్టీ ఆశయాలు. ప్రతి ఇంటా పప్పూ అన్నమూ ఉండాలన్న చిన్న కోరికనే ఆయన ఎన్నికల నినాదంగా మలచాడు. పండిత భాష విడిచి, బరిసాల్ రైతు మాట్లాడే యాసలోనే సభలలో ప్రసంగించేవాడు.

1937 ఎన్నికలలో పటువాఖాలీ నియోజకవర్గం దేశం దృష్టిని ఆకర్షించింది. అక్కడ హక్‌కు ప్రత్యర్థిగా నిలిచినవాడు ఢాకా నవాబుల వంశానికి చెందిన ఖ్వాజా నాజిముద్దీన్. ఆ ప్రాంతం నవాబుల జమీందారీలోనిదే. ధనబలం, అధికారబలం నాజిముద్దీన్ పక్షాన ఉన్నాయి. అయినా ఓటర్లు హక్‌ను ఘనంగా గెలిపించారు. జమీందారు తన సొంత జమీందారీలోనే రైతు నాయకునికి తలవంచవలసి వచ్చింది.

గెలుపు ఘనమైనదే కాని, పాలన సులభం కాలేదు. 250 స్థానాలున్న శాసనసభలో ఏ పక్షానికీ ఆధిక్యం రాలేదు. కాంగ్రెసు అన్నింటికంటె పెద్ద పక్షం. లీగు, కృషక్ ప్రజా పార్టీలు దాని తరువాతివి. హక్ మొదట కాంగ్రెసుతోనే చేయికలపడానికి ప్రయత్నించాడు. రాజకీయ ఖైదీల విడుదలకు ప్రథమ స్థానం ఇవ్వాలని కాంగ్రెసువారు కోరారు. గవర్నరు దానికి అంగీకరించకపోతే మంత్రివర్గం రాజీనామా చేయవలసి వస్తుందనీ, అప్పుడు రైతులకు చేసిన వాగ్దానాలు గాలికి పోతాయనీ కృషక్ ప్రజా పార్టీ వాదించింది. పైగా ఇతర పక్షాలతో కలిసి మంత్రివర్గాలు ఏర్పరచడానికి కాంగ్రెసు అధిష్ఠానం ఆనాడు సుముఖంగా లేదు. చర్చలు విఫలమయ్యాయి. ఆ అవకాశాన్ని ముస్లిం లీగు అందిపుచ్చుకొంది. ఎన్నికలలో పరస్పరం తలపడిన హక్, నాజిముద్దీన్‌లు ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారు. హక్ రాష్ట్ర ప్రధాని అయ్యాడు; ముఖ్యమంత్రిని ఆ రోజులలో ప్రధాని అనేవారు. హోంశాఖ నాజిముద్దీన్‌కు దక్కింది.

ఈ సంకీర్ణంలో ఒక పెద్ద లోపం ఉంది. 11 మంది మంత్రులలో కృషక్ ప్రజా పార్టీకి చెందినవారు హక్‌తో కలిపి ఇద్దరే. మిగిలినవారిలో నవాబులు, మహారాజులు, జమీందారులు అధికం. జమీందారీలు రద్దు చేస్తానని ఓట్లడిగిన నాయకుడు జమీందారుల మధ్య కూర్చోవడం చూసి ఆయన అనుచరులు నివ్వెరపోయారు. పలువురు శాసనసభ్యులు ఆయనను విడిచి ప్రతిపక్షంలో చేరారు. సొంత పక్షం బలహీనపడిన కొద్దీ ఆయన లీగుపై ఆధారపడక తప్పలేదు. 1937 అక్టోబరులో లక్నో మహాసభలో ఆయన లీగులో చేరాడు. అక్కడా, తరువాత మరికొన్ని సభలలోనూ ఆయన చేసిన తీవ్ర ప్రసంగాలు హిందువులకు మనస్తాపం కలిగించాయి. కాంగ్రెసు పాలిత రాష్ట్రాలలో ముస్లిములు బాధలు పడుతున్నారని 1939లో ఒక చిన్న పుస్తకం కూడా ప్రకటించాడు. ఆయన అభిమానులు సైతం సమర్థించలేని ఘట్టాలివి. ఉద్రేకంలో పరుషంగా మాట్లాడటం, తరువాత దాన్ని సరిదిద్దుకోవాలని పాటుపడటం ఆయన స్వభావంలో భాగం.

అయినా ఆ మంత్రివర్గం రైతులకు చేసిన మేలు తక్కువది కాదు. 1938లో కౌలుచట్టాన్ని సవరించారు. అంతకుముందు రైతు తన భూమిని ఇతరులకు అమ్ముకొంటే జమీందారుకు నజరానా చెల్లించవలసి ఉండేది. ఆ నజరానా రద్దయింది. శిస్తుకు తోడుగా వసూలుచేసే అక్రమ పన్నులు నిషిద్ధమయ్యాయి. శిస్తు పెంపుదలను పది సంవత్సరాలపాటు నిలిపివేశారు. ఋణ పరిష్కార మండళ్ళు పల్లెసీమలకు విస్తరించి, లక్షలాది రైతుల అప్పులకు పరిమితులు విధించాయి. వడ్డీ వ్యాపారులు అనుమతిపత్రం పొందాలనీ, నిర్ణీత రేటు మించి వడ్డీ తీసుకోరాదనీ 1940లో చట్టం వచ్చింది. శాశ్వత శిస్తు విధానాన్ని పరిశీలించడానికి సర్ ఫ్రాన్సిస్ ఫ్లౌడ్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించగా, జమీందారీలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని ఆ సంఘం 1940లో సిఫారసు చేసింది. విద్యాశాఖను హక్ తనవద్దనే ఉంచుకొన్నాడు. ముస్లిం బాలికల ఉన్నతవిద్యకు అనువుగా కలకత్తాలో లేడీ బ్రేబోర్న్ కళాశాల వెలసింది. ఢాకాలో వ్యవసాయ విద్యాసంస్థకు 1938లో శంకుస్థాపన జరిగింది. ప్రజలు ఆయనను 'షేరె బంగ్లా' అని, అనగా బంగ శార్దూలమని, పిలుచుకోసాగారు.

1940 మార్చి 23వ తేదీన లాహోరులో జరిగిన లీగు మహాసభలో, ముస్లిములు అధికసంఖ్యాకులుగా ఉన్న వాయవ్య, తూర్పు ప్రాంతాలను స్వతంత్ర రాజ్యాలుగా కూర్చాలనే తీర్మానాన్ని హక్ ప్రతిపాదించాడు. పాకిస్తాన్ ఉద్యమానికి మూలమైన తీర్మానమది. అందులో పాకిస్తాన్ అనే పదం లేదు. రాజ్యం అనే మాట బహువచనంలో ఉంది. తూర్పున వంగదేశం తన వ్యవహారాలు తానే చక్కబెట్టుకొంటుందన్న అర్థంలో హక్ వంటివారు దానిని గ్రహించారు. లీగు అధ్యక్షుడు మహమ్మదలీ జిన్నా ఆలోచన వేరు. భారత ముస్లిములందరి పక్షాన మాట్లాడే అధికారం ఒక్క లీగుకే, అందునా దాని అధ్యక్షునికే, ఉండాలని ఆయన పట్టు. ఈ రెండు దృష్టులూ ఎక్కడో ఒకచోట ఢీకొనక తప్పదు.

ఆ సంఘర్షణకు కారణం 1941 జూలైలో లభించింది. రెండవ ప్రపంచయుద్ధం సాగుతున్న కాలమది. వైస్రాయి లిన్‌లిత్‌గో జాతీయ రక్షణ మండలి పేరుతో ఒక సలహాసంఘాన్ని ఏర్పరచి, రాష్ట్రాల ప్రధానులను సభ్యులుగా ఆహ్వానించాడు. పంజాబు ప్రధాని సికందర్ హయాత్ ఖాన్, అస్సాం ప్రధాని సాదుల్లా, వంగ ప్రధాని హక్ అందుకు సమ్మతించారు. లీగు అనుమతి లేకుండా వారు అంగీకరించడం క్రమశిక్షణకు భంగమని జిన్నా ఆగ్రహించాడు. ఆగస్టులో బొంబాయిలో సమావేశమైన లీగు కార్యవర్గం ముగ్గురూ రక్షణ మండలినుండి తప్పుకోవాలని ఆదేశించింది. సికందర్, సాదుల్లాలు తలవంచారు.

హక్ వాదం వేరు. తాను ఆ మండలిలో చేరింది లీగు ప్రతినిధిగా కాదనీ, రాష్ట్ర ప్రధానిగా మాత్రమేననీ ఆయన భావించాడు. ప్రధాని పదవి లీగు ఇచ్చినది కాదు. ముస్లిములు, హిందువులు, ఐరోపీయులు కలిసి బలపరచిన సంకీర్ణ మంత్రివర్గం వల్ల వచ్చినది. ఆ పదవిలో ఉన్నవాడు ఒక్క పక్షానికే జవాబుదారి అయితే తక్కిన భాగస్వాములకు ఇచ్చిన మాటకు విలువేమిటన్నది ఆయన వాదంలోని సారం. 1941 సెప్టెంబరు 8వ తేదీన ఆయన లీగు ప్రధాన కార్యదర్శి లియాకత్ అలీ ఖాన్‌కు సుదీర్ఘమైన లేఖ రాశాడు. రక్షణ మండలికి రాజీనామా చేస్తూనే, అదే లేఖలో లీగు కార్యవర్గానికి, మహామండలికి కూడా రాజీనామా ప్రకటించాడు. ఏ ఒక్కరి ఇష్టానుసారమో సంస్థ నడవడాన్ని నిరసించాడు. ముస్లిములు స్వల్పసంఖ్యలో ఉన్న రాష్ట్రాల నాయకులు వంగదేశపు మూడు కోట్లకు పైబడిన ముస్లిముల మేలు కీళ్ళను లెక్కచేయడం లేదని ఆరోపించాడు.

ఆదేశాన్ని పాటిస్తూనే ఆదేశించిన వారిని ధిక్కరించిన ఆ లేఖ దేశమంతటా సంచలనం కలిగించింది. కలకత్తాలో లీగు అభిమానులు, ముఖ్యంగా విద్యార్థులు, హక్‌కు వ్యతిరేకంగా ప్రదర్శనలు జరిపారు. నిన్నటివరకు శార్దూలమని కీర్తించినవారే ద్రోహి అని నిందించారు. నవంబరులో ఆయన రాజీ ధోరణిలో మరొక లేఖ రాయగా, వివాదం సమసినట్లే కనిపించింది. కాని ఆ శాంతి నెలరోజులైనా నిలవలేదు. మంత్రివర్గంలోని నాజిముద్దీన్, హుసేన్ షహీద్ సుహ్రవర్దీ తదితర లీగు మంత్రులకు, హక్‌కు మధ్య నమ్మకం పూర్తిగా నశించింది. డిసెంబరు మొదటి రోజున లీగు మంత్రులు రాజీనామా చేశారు. మంత్రివర్గం కూలిపోయింది. హక్ నాయకత్వాన్ని కూలదోశామని లీగు సంతోషించింది.

అయితే హక్ అప్పటికే ప్రతిపక్షాలతో మంతనాలు సాగించాడు. శరత్ చంద్ర బోసు వర్గపు కాంగ్రెసువారు, శ్యామాప్రసాద్ ముఖర్జీ నాయకత్వంలోని హిందూ మహాసభవారు, తనను విడిచిపోయిన కృషక్ ప్రజా పార్టీ మిత్రులు, దళిత వర్గాల సభ్యులు కలిసి ప్రగతిశీల సంకీర్ణ పక్షంగా ఏర్పడి ఆయనను నాయకుడుగా ఎన్నుకొన్నారు. గవర్నరు సర్ జాన్ హెర్బర్టు వెంటనే ఆహ్వానించక తాత్సారం చేశాడు. కొత్త మంత్రివర్గానికి ఊపిరి కాగలడనుకొన్న శరత్ బోసును, ప్రమాణస్వీకారం జరగబోయే వేళ ప్రభుత్వం నిర్బంధించింది. అయినా సభలో సంఖ్యాబలం హక్ పక్షాన ఉండటంతో గవర్నరు దిగిరాక తప్పలేదు. డిసెంబరు రెండవ వారంలో రెండవ హక్ మంత్రివర్గం ఏర్పడింది. ఢాకా నవాబు హబీబుల్లా తన బంధువైన నాజిముద్దీన్‌ను కాదని హక్ వైపు చేరాడు. శ్యామాప్రసాద్ ఆర్థికశాఖను స్వీకరించాడు. జిన్నా హక్‌ను లీగునుండి బహిష్కరించాడు. ప్రజలు ఆ ప్రభుత్వాన్ని శ్యామా - హక్ మంత్రివర్గమని పిలిచారు.

లాహోరు తీర్మానం ప్రతిపాదించినవాడు, ఆ తీర్మానాన్ని తీవ్రంగా వ్యతిరేకించే సంస్థ నాయకునితో ఎట్లా చేయి కలిపాడు? పదవీవ్యామోహమే కారణమని ప్రత్యర్థులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను పూర్తిగా తోసిపుచ్చలేము. పదవి అంటే హక్‌కు విముఖత లేదు. కాని పదవి మాత్రమే కావలసి ఉంటే సికందర్, సాదుల్లాల వలె తలవంచి ఉంటే సరిపోయేది. లీగుకు విధేయుడైన ప్రధానిగా ఆయన స్థానానికి భంగం ఉండేది కాదు. అంతకుముందు సంవత్సరాలలో వంగదేశంలో హిందూ ముస్లిం వైమనస్యాలు పెచ్చుమీరాయి. 1941లో ఢాకాలో భయంకరమైన మతకలహాలు జరిగాయి. రెండు మతాల నాయకులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే తప్ప వీధులలో రక్తపాతం ఆగదని హక్, శ్యామాప్రసాద్ ఇద్దరూ గుర్తించారు. పరస్పర విరుద్ధమైన సిద్ధాంతాలు పక్కన పెట్టి, రాష్ట్రంలో శాంతి నెలకొల్పడమే ఉమ్మడి కార్యక్రమంగా వారు పని ప్రారంభించారు. కవి కాజీ నజ్రుల్ ఇస్లాం సంపాదకత్వంలో హక్ పునరుద్ధరించిన 'నవయుగ్' పత్రిక ఇరుమతాల ఐక్యతను బోధించింది.

ఆ మంత్రివర్గానికి కాలం కలిసిరాలేదు. అది పదవి స్వీకరించిన కొన్ని రోజులకు ముందే జపాను యుద్ధంలోకి దిగింది. 1942 తొలిభాగంలో బర్మా శత్రువు వశమైంది. అక్కడినుండి వచ్చే బియ్యం ఆగిపోయింది. జపాను సైన్యం వస్తే దానికి ఏదీ దక్కకూడదన్న ఆలోచనతో గవర్నరు తీరప్రాంత జిల్లాలలో మిగులు ధాన్యాన్ని తరలించాలనీ, పదిమందికి మించి ఎక్కగల పడవలను స్వాధీనం చేసుకోవాలనీ ఆజ్ఞాపించాడు. ఇందులో మంత్రివర్గాన్ని సరిగా సంప్రదించనే లేదు. నదుల దేశంలో పడవ లేకపోతే జాలరికి వేట లేదు, రైతుకు లంకపొలం చేరే దారి లేదు, వర్తకునికి ధాన్యం చేరవేసే సాధనం లేదు. ఎన్నికైన మంత్రులను పక్కకు నెట్టి అధికారుల సలహాతో పాలన సాగించడాన్ని నిరసిస్తూ 1942 ఆగస్టు 2వ తేదీన హక్ గవర్నరుకు ఘాటైన లేఖ రాశాడు. ఫలితం శూన్యం.

అదే నెలలో క్విట్ ఇండియా ఉద్యమం చెలరేగింది. మేదినీపూర్ జిల్లా దానికి ప్రధాన రంగమైంది. అక్టోబరు 16వ తేదీన ఆ జిల్లాపై పెనుతుఫాను, ఉప్పెన విరుచుకుపడ్డాయి. వేలాదిమంది మరణించారు. పంట నీటిపాలయింది. అంతటి విపత్తులోనూ అక్కడ పోలీసుల దౌర్జన్యం ఆగలేదు. గవర్నరు ప్రవర్తనకు నిరసనగా నవంబరులో శ్యామాప్రసాద్ రాజీనామా చేశాడు. మిత్రుడు తొలగినా హక్ వెనుదీయలేదు. 1943 ఫిబ్రవరిలో మేదినీపూర్ అత్యాచారాలపై విచారణ జరిపిస్తానని శాసనసభలో వాగ్దానం చేశాడు. తన అనుమతి లేకుండా ఆ వాగ్దానం ఎందుకు చేశావని గవర్నరు సంజాయిషీ కోరాడు. సభకు జవాబుదారి అయిన ప్రధాని సభలో ఇచ్చిన మాటకు గవర్నరుకు సంజాయిషీ చెప్పవలసిన పనిలేదని హక్ నిలబడ్డాడు. పార్టీ అధ్యక్షుని ముందు తలవంచనివాడు బ్రిటిష్ గవర్నరు ముందూ తలవంచలేదు.

దానికి ప్రతిఫలం త్వరలోనే అందింది. 1943 మార్చి 28వ తేదీ సాయంకాలం గవర్నరు హక్‌ను తన భవనానికి పిలిపించి, ముందుగానే సిద్ధం చేయించిన రాజీనామా పత్రాన్ని ఆయన ముందుంచాడు. అన్ని పక్షాలతో కూడిన మంత్రివర్గం ఏర్పడటానికి ఇది అవసరమని నచ్చజెప్పాడు. అటువంటి మంత్రివర్గం ఏర్పడితే తాను అడ్డు రానని హక్ అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆ మాటే ఆయనను బంధించింది. సంతకం చేశాడు. శాసనసభలో ఓడిపోని ప్రధాని ఆ విధంగా పదవి కోల్పోయాడు. ఏప్రిల్ 24వ తేదీన ఏర్పడింది సర్వపక్ష మంత్రివర్గం కాదు. నాజిముద్దీన్ నాయకత్వంలోని లీగు మంత్రివర్గం. ఆ వేసవినుండి వంగదేశాన్ని ఘోర క్షామం కబళించింది. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం సుమారు 15 లక్షలమంది మరణించారని చెప్పగా, తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య 30 లక్షల వరకు ఉంటుందని లెక్కించారు. ఎవరి పప్పూ అన్నం కోసం హక్ ఓట్లడిగాడో, ఆ రైతులూ కూలీలే కలకత్తా వీధులలో గంజి కోసం అర్థిస్తూ ప్రాణాలు విడిచారు.

లీగును వీడినందుకు హక్ చెల్లించిన మూల్యం పెద్దది. 1946 ఎన్నికలలో వంగదేశంలోని ముస్లిం స్థానాలలో నూటికి తొంభైకి పైగా లీగు గెలుచుకొంది. హక్ తాను పోటీచేసిన రెండు చోట్లా గెలిచినా, ఆయన పార్టీకి దక్కిన స్థానాలను వేళ్ళమీద లెక్కించవచ్చు. అదే ఏడాది ఆగస్టులో కలకత్తాలో మారణకాండ జరిగింది. రెండు మతాల వారినీ కలిపి నడపాలన్న ఆశకు ఇక చోటులేకపోయింది. సెప్టెంబరులో ఆయన తిరిగి లీగులో చేరాడు. కాని ఆ సంస్థ ఆయనకు ఏ ముఖ్య బాధ్యతనూ అప్పగించలేదు.

దేశ విభజన తరువాత హక్ ఢాకా చేరి, తూర్పు పాకిస్తాన్ ప్రభుత్వానికి అడ్వకేట్ జనరల్‌గా పనిచేశాడు. ఆయన కలలుగన్న జమీందారీ రద్దు 1950లో అక్కడ చట్టమయింది. ఉర్దూ మాత్రమే జాతీయభాషగా ఉండాలన్న పాలకుల పట్టుదల వంగీయులను గాయపరచింది. 1952 ఫిబ్రవరి 21వ తేదీన ఢాకాలో మాతృభాష కోసం విద్యార్థులు ప్రాణాలర్పించారు. మరుసటి సంవత్సరం హక్ ఎనభై ఏళ్ళ వయస్సులో కృషక్ శ్రామిక్ పార్టీని స్థాపించాడు. ఒకనాటి ప్రత్యర్థి సుహ్రవర్దీతో, మౌలానా భాసానీతో కలిసి ఐక్య సంఘటనను ఏర్పరచాడు. వారి 21 అంశాల ప్రణాళికలో మొదటిది వంగభాషకు జాతీయభాషా ప్రతిపత్తి. 1954 మార్చి ఎన్నికలలో 237 ముస్లిం స్థానాలలో 223 ఐక్య సంఘటన పరమయ్యాయి. లీగుకు పది స్థానాలు దక్కడమే గగనమయింది. ఏప్రిల్‌లో హక్ ముఖ్యమంత్రి అయ్యాడు. కలకత్తా సందర్శించినప్పుడు రెండు వంగదేశాల మధ్య ఉన్న భాషా సాంస్కృతిక బాంధవ్యాన్ని కొనియాడాడు. దానినే నేరంగా చూపి కేంద్ర ప్రభుత్వం మే 30వ తేదీన ఆయన మంత్రివర్గాన్ని తొలగించింది. పాకిస్తాన్‌కు మూలమైన తీర్మానాన్ని ప్రతిపాదించిన వ్యక్తి పాకిస్తాన్ ద్రోహి అనిపించుకొని గృహనిర్బంధం అనుభవించాడు. మరుసటి ఏడాదే ఆయన కేంద్రంలో మంత్రిగా, 1956నుండి 1958 వరకు తూర్పు పాకిస్తాన్ గవర్నరుగా పనిచేయడం ఆనాటి రాజకీయాల విచిత్రగతికి నిదర్శనం.

ఫజ్లుల్ హక్ ఆజానుబాహువు. భోజనప్రియుడు. చేతికి ఎముక లేని దాత. పేద విద్యార్థుల పరీక్ష రుసుము చెల్లించడానికి తానే అప్పు చేసేవాడని చెబుతారు. ఇటువంటి గుణాలవల్ల ఎన్నిమార్లు పార్టీ మారినా పల్లెవాసులకు ఆయన దూరం కాలేదు. ఆయన నిలకడలేనివాడని చరిత్రకారులు కొందరు విమర్శించారు. పార్టీల విషయంలో ఆ విమర్శ నిజమే. కాని రైతు ఋణభారం, పేదవాని చదువు, వంగదేశపు స్వయంనిర్ణయాధికారం - ఈ మూడు విషయాలలో ఆయన దృష్టి చలించలేదు. పార్టీలు ఆయనకు ఏరు దాటించే పడవల వంటివి. పడవ దారి తప్పిందని తోచినప్పుడు దిగి మరొకటి ఎక్కాడు. ఆ క్రమంలో ఒక్కొక్కప్పుడు తనను నమ్మి వెంట వచ్చినవారిని రేవులోనే వదలివేశాడన్నదీ సత్యమే.

1962 ఏప్రిల్ 27వ తేదీన ఢాకాలో ఆయన కన్నుమూశాడు. హైకోర్టు సమీపంలో ఆయనను ఖననం చేశారు. మరుసటి ఏడాది సుహ్రవర్దీ, ఆ తరువాతి ఏడాది నాజిముద్దీన్ మరణించగా వారి సమాధులూ ఆయన పక్కనే వెలిశాయి. పటువాఖాలీలో తలపడినవారు, ఒకే మంత్రివర్గంలో కూర్చున్నవారు, ఒకరి ప్రభుత్వాన్ని ఒకరు కూల్చుకొన్నవారు ఇప్పుడు ముగ్గురు నాయకుల సమాధి అనే ఒకే కట్టడం నీడలో విశ్రమిస్తున్నారు. బంగ్లాదేశ్ పార్లమెంటు భవనమున్న ప్రాంతానికి షేరె బంగ్లా నగర్ అని పేరు. 1938లో ఆయన శంకుస్థాపన చేసిన వ్యవసాయ విద్యాసంస్థ 2001లో విశ్వవిద్యాలయమై ఆయన పేరునే ధరించింది. పార్టీ గొప్పదా, ప్రజలు గొప్పవారా, ఇచ్చిన మాట గొప్పదా అన్న ప్రశ్నకు ఫజ్లుల్ హక్ జీవితం తేలికైన సమాధానం చెప్పదు. అయితే ఆ ప్రశ్నను ఎదుర్కొన్నప్పుడు తప్పించుకోక ఒక నిర్ణయం తీసుకొని, దాని ఫలితాన్ని తానే భరించిన నాయకుడుగా ఆయన చరిత్రలో నిలిచాడు.